చెక్క తేలిన చోట బొమ్మ తిరిగి రావాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత పిన్‌బాల్ మెషీన్ల మీదే, అందులోనూ అరిగిపోయిన బొమ్మల మీద. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: కాస్త ఏటవాలుగా పెట్టిన చెక్క బల్ల మీద ఉక్కు బంతి దొర్లుకుంటూ కిందికి వస్తుంది, దాన్ని రెండు ఫ్లిప్పర్లతో కొట్టి పైకి పంపుతూ ఉండాలి. ఆ బల్ల పేరు ప్లేఫీల్డ్. ఎదురుగా నిలువుగా ఉండే, వెనకనుంచి బల్బులు వెలిగే బొమ్మల అద్దం పేరు బ్యాక్‌గ్లాస్. అమెరికాలో, ముఖ్యంగా షికాగోలో, గాట్లీబ్, విలియమ్స్, బాలీ లాంటి కంపెనీలు దశాబ్దాలపాటు వీటిని తయారుచేశాయి. మనకు తెలిసిన ఆ ఫ్లిప్పర్లు మొదట వచ్చింది 1947లో, గాట్లీబ్ వాళ్ల హంప్టీ డంప్టీతో.

ప్రశ్న: నా దగ్గర 1970ల చివరినాటి మెషీన్ ఒకటి ఉంది. వైరింగ్, కాయిల్స్ అన్నీ బాగుచేసుకున్నాను. కానీ ప్లేఫీల్డ్ మీద పాప్ బంపర్ల (బంతి తగిలితే దాన్ని ఎగరగొట్టే గుండ్రటి బొడిపెల) చుట్టూ, లైట్ల మీదుండే ప్లాస్టిక్ ఇన్సర్టుల అంచుల్లో రంగు పోయి చెక్క తేలింది. ఫోన్‌తో ఫొటో తీసి కంప్యూటర్లో సరిచేసి ప్రింట్ తీయించుకోవచ్చా?

జవాబు: ఫోన్ ఫొటోలు తీయండి, బోలెడు తీయండి, కానీ అవి ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ రబ్బరు ఏ పోస్టుదో (రబ్బరు తొడిగే చిన్న గుంజ) గుర్తు పెట్టుకోవడానికి మాత్రమే. బొమ్మ కోసం అయితే పనికిరావు. లెన్స్ అంచుల్లో గీతల్ని వంచేస్తుంది, మీకు కావాల్సింది రెండు పక్కలా రంధ్రాలతో సహా కచ్చితంగా కూర్చునే బొమ్మ. అందుకే ఈ పని చేసేవాళ్లందరూ చివరికి స్కానర్ దగ్గరికే వస్తారు.

అదీ ఏ స్కానర్ పడితే అది కాదు. సన్నగా, తేలిగ్గా, యూఎస్‌బీ తీగతోనే నడిచేవి సాధారణంగా సీఐఎస్ సెన్సర్‌తో వస్తాయి. వాటికి అద్దానికి అంటుకుని ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది, రెండు మిల్లీమీటర్లు దూరం జరిగితే మసక. స్కానర్ అద్దం చుట్టూ కాస్త ఎత్తుగా అంచు ఉంటుంది కదా, దాన్ని బోర్లా తిప్పి ప్లేఫీల్డ్ మీద పెడితే ఆ అంచు ఎత్తంతా ఖాళీ వచ్చేస్తుంది. దానికి తోడు ఇన్సర్టులు కొన్ని దిగిపోయి, కొన్ని పైకి లేచి ఉంటాయి. పాతకాలపు లావుపాటి సీసీడీ స్కానర్ అయితే ఈ ఎత్తుపల్లాల్ని బాగానే చూస్తుంది. ఎవరైనా అటకమీద పడేసినది ఉంటే అడిగి తెచ్చుకోండి, కొత్తదానికంటే అదే మేలు.

ముందు ప్లేఫీల్డ్ మీద ఉన్నవన్నీ ఊడదీయండి, ప్లాస్టిక్కులు (పోస్టుల మీద బిగించే బొమ్మల ప్లాస్టిక్ పలకలు), పోస్టులు, చెక్క పట్టీలు, కింద బంతుల్ని కప్పే రేకు, అన్నీ. ఇది బద్ధకించే పని కాదు, ఎందుకంటే వాటి కిందే అసలు రంగు దాక్కుని ఉంటుంది (రంగుల ప్రశ్న కింద ఉంది, అక్కడ చెప్తాను). తర్వాత నాఫ్తా అనే ద్రావకంతో తుడిచి పాత మైనం, నల్లటి మడ్డి తీయండి. మెలమైన్ స్పాంజి మీద ఆల్కహాల్ వేసి రుద్దితే తళతళలాడుతుందని కొందరు చెప్తారు. నిజమే, తళతళలాడుతుంది, కానీ అది సన్నని గరుకు కాగితం లాంటిది, మురికితోపాటు పూతనూ లేపుతుంది. అరిగిన బల్ల మీద, అదీ స్కాన్ చేయకముందు, నేనైతే దాని జోలికి పోను.

ఇక స్కాన్. స్కానర్‌లో ఆటో కలర్, ఆటో షార్ప్ లాంటివన్నీ ఆపేయండి, లేకపోతే ప్రతి ముక్కకూ ఒక్కో రంగు వస్తుంది. ఒక్కో ముక్క పక్కదాని మీదికి మూడో వంతు వచ్చేలా తీయండి. స్కానర్‌ని ఎప్పుడూ ఒకే దిశలో పెట్టండి, మధ్యలో అడ్డంగా తిప్పారంటే దాని లైటు వేరే వైపునుంచి పడి, చెక్క గీతల నీడలు మారి, అతుకులు అతుకుల్లాగే కనిపిస్తాయి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు. అయితే ఎంత పెద్ద ఫైల్ అవుతుందో ముందే లెక్క వేసుకోండి: చాలా ప్లేఫీల్డులు దాదాపు 20.25 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు ఉంటాయి. అంటే 12,150 పిక్సెళ్లు అడ్డం, 25,200 నిలువు. ఒకే లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరల్లో ఒకటి) దాదాపు 900 ఎంబీ. నాలుగు లేయర్లు వేసేసరికి ఫొటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైల్‌కి ఉన్న 2 జీబీ హద్దు దాటిపోతుంది, మొదటినుంచీ పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీలోనే సేవ్ చేసుకోండి. గంటల పని చేసి సేవ్ కొట్టినప్పుడు ఎర్రర్ వస్తే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

కొలత గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. ముక్కలు అతికించే సాఫ్ట్‌వేర్ ప్రతి అతుకు దగ్గరా వెంట్రుకవాసి లాగుతుంది, స్కానర్లు కూడా నిలువులో ఒకలా, అడ్డంలో ఒకలా కొలుస్తాయి. ఒక్క శాతం తేడా అంటే ఏముందిలే అనిపిస్తుంది, 42 అంగుళాల మీద అది పది మిల్లీమీటర్ల పైమాటే. నా మొదటి ప్రింట్ తెచ్చి బల్ల మీద పరిస్తే ఫ్లిప్పర్ల దగ్గర చక్కగా కూర్చుంది, పైకి వెళ్తున్నకొద్దీ ఇన్సర్టులు వాటి వలయాల్లోంచి జారిపోతూ వచ్చాయి, పైన రోల్‌ఓవర్ల (బంతి మీదుగా దొర్లితే నొక్కుకునే స్విచ్చుల) దగ్గరికి వచ్చేసరికి సగం అక్షరం చెక్క మీద, సగం ప్లాస్టిక్ మీద. తప్పు ఫైల్‌ది కాదు, ప్రింట్ తీసినాయన 'పేజీకి సరిపోయేలా' అన్నచోట టిక్ తీయలేదు. నేనూ కొలవకుండా డబ్బులిచ్చి వచ్చేశాను. అప్పట్నుంచి ఫైల్‌లోనే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి స్కేలు గీతలు పెడుతున్నాను, షాపులోనే ఉక్కు స్కేలు పెట్టి కొలుస్తున్నాను. ముందు మామూలు కాగితం మీద తీయించి బల్ల మీద పరిచి, లైటు కింద రంధ్రం రంధ్రం చూసుకున్నాకే అసలు ప్రింట్.

ప్రశ్న: స్కాన్ చేశాక సాఫ్ట్‌వేర్లో ఆటో ట్రేస్ (బొమ్మను దానంతటదే గీతలుగా మార్చే బటన్) నొక్కితే అదే గీసేస్తుంది కదా? ఇప్పుడు ఏఐ కూడా ఉంది. చేత్తో గీయాల్సిన పని ఏముంది?

జవాబు: నొక్కి చూడండి, ఒకసారి అందరం నొక్కినవాళ్లమే. చెక్క ఈనెలు, పగుళ్లు, మురికి, బంతి గీతలు అన్నీ బొమ్మలో భాగమే అనుకుని వాటినీ గీసి పెడుతుంది. గీతలు పురుగు తిన్న ఆకుల్లా వస్తాయి.

అసలీ బొమ్మలు ఎలా పుట్టాయో గుర్తుంచుకుంటే పని సులువవుతుంది. ఇవి స్క్రీన్ ప్రింటింగ్, అంటే సన్నని జాలీ గుడ్డలోంచి రంగు వత్తి వేసినవి. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్, ప్లేఫీల్డ్ మీద మామూలుగా ముందు తెలుపు, తర్వాత రంగులు, అన్నిటిమీద చివరగా నలుపు గీత. కాబట్టి మీరూ అలాగే వెళ్లండి, రంగుకో లేయర్. పసుపు లేయర్ గీస్తున్నప్పుడు పసుపు ఎక్కడిదాకా ఉందో మాత్రమే చూడండి. రంగు సరిగ్గా నల్ల గీత అంచు దగ్గర ఆగదు, గీత కిందికి కొంచెం దూరి ఉంటుంది, ఒక స్క్రీన్ అటూ ఇటూ జరిగినా తెల్ల సందు కనబడకూడదని అప్పటివాళ్లు చేసిన ఏర్పాటు అది. మీరు కూడా ఆ దూరుడు ఉంచండి, రేపు మీ ప్రింటరు కూడా జరుగుతుంది.

అక్షరాల దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఇన్సర్టు మీద '1000 వెన్ లిట్' (వెలిగి ఉంటే 1000 పాయింట్లు) అని ఉందనుకోండి, దానికి దగ్గరగా ఉన్న ఫాంట్ వెతికి టైప్ చేసేస్తారు. స్కాన్‌ని పెద్దది చేసి ఆ మూడు సున్నాలూ పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో రాసిన చోట మొదటిది కాస్త బొద్దుగా ఉంటుంది, మూడోది వలయం వంపు చూసుకుని కుడివైపు నొక్కుకుపోయి ఉంటుంది, ఒకే సున్నాని మూడుసార్లు కాపీ చేశారంటే వెంటనే కంప్యూటర్ ముఖం కనిపిస్తుంది. బొమ్మల సంగతీ అంతే. పిన్‌బాల్ చిత్రకారుడు క్రిస్టియన్ మార్ష్ గీసిన మనుషులు కోణాలు కోణాలుగా, మోచేతులు ముక్కోణాల్లా ఉంటారు, ఆ మూలల్ని 'స్మూత్' చేస్తే ఆయన బొమ్మే కాకుండా పోతుంది. బాలీకి బొమ్మలు వేసిన డేవ్ క్రిస్టెన్సెన్ అయితే గుంపులో ఎక్కడో ఒక మూల చిలిపి పనులు దాచిపెట్టేవాడు, మరకలా కనబడిందల్లా మరక కాకపోవచ్చు. రెండుసార్లు చూసి చెరపండి.

ఏఐతో పెద్దది చేయడం గురించి: పోయిన కన్నుకు అది కన్ను పెడుతుంది, కాదనను. కానీ ఆ కన్ను ఎవరిదో అడిగితే నా దగ్గర జవాబు లేదు.

చేత్తో గీయడానికి ఇలస్ట్రేటర్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే సరే, లేకపోతే ఇంక్‌స్కేప్ ఉచితమే, పనిచేస్తుంది. పెన్ టూల్‌తో వీలైనన్ని తక్కువ బిందువులు పెట్టి గీయండి. చేయి అలవాటయ్యేదాకా రోజూ అరచేతి వెడల్పు కంటే ఎక్కువ సాగదు, విసుగు రావడం సహజం.

ప్రశ్న: రంగులు ఎలా కలపాలి? నా ప్లేఫీల్డ్‌లో తెలుపు అసలు తెలుపులా లేదు, మీగడ రంగులో ఉంది.

జవాబు: అది రంగు తప్పు కాదు, పైన పూసిన లాకర్ (వార్నిష్ లాంటి పారదర్శక పూత) పచ్చబడింది. దాని కింద ఉన్నదంతా పసుపు కళ్లద్దాల్లోంచి చూసినట్టే: తెలుపు మీగడవుతుంది, నీలం ఆకుపచ్చ వైపు వెళ్తుంది, గులాబీ నారింజలా కనిపిస్తుంది. ఇందాక చెప్పిన పోస్టుల కింద, రేకు కింద, చెక్క పట్టీల కింద చూడండి, వెలుతురు, బంతి, మడ్డి ఏవీ తగలనిచోట రంగు ఇంకా నిండుగా ఉంటుంది. అక్కడా లాకర్ కొంత ముదిరే ఉంటుంది, అయినా మీకు దొరికే మంచి సాక్ష్యం అదే.

ఇప్పుడొక నిర్ణయం తీసుకోవాలి, దీన్ని చాలామంది అసలు ఆలోచించరు. బల్ల మొత్తానికి కొత్త బొమ్మ వేస్తున్నారా, అయితే ఆ దాక్కున్న పాత రంగు తీసుకోండి. అరచేతి వెడల్పు ముక్క మాత్రమే అతికిస్తున్నారా, అయితే పక్కనున్న ముసలి రంగుకే కలపండి. కొత్త తెలుపు అతికిస్తే పాత చొక్కాకి కొత్త గుడ్డ మాసిక వేసినట్టు ఎక్కడుందో వీధి చివర్నుంచి తెలుస్తుంది.

మానిటర్‌ని నమ్మకండి, స్కానర్ ఇచ్చిన అంకెల్ని కూడా. నేను చేసేది ఇది: ఏ ప్రింటరు మీద, ఏ షీటు మీద, ఏ పూతతో అసలు ప్రింట్ తీస్తానో అదే కలయికలో ఒక ముప్పై చిన్న గళ్లు తీయిస్తాను, అన్నీ ఆ ఎరుపుకు దగ్గరివే, ఒక్కో గడిలో అంకె వేసి. వాటిని కత్తిరించి బల్ల మీద రంగు పక్కనే పెట్టి చూస్తాను, పగటి వెలుతురులో ఒకసారి, మెషీన్ బల్బుల కింద ఇంకోసారి. పగలు అచ్చం కలిసిన ఎరుపు బల్బు కింద గోధుమరంగులోకి తిరగొచ్చు, అంచేత రెండు చోట్లా నెగ్గిన గడే తీసుకోవాలి. మామూలు నాలుగు రంగుల ప్రింటరుకు అందనివి కొన్నున్నాయి: కళ్లు జిగేల్‌మనే ఫ్లోరసెంట్ నారింజ, వెండి, బంగారం. వాటికి ఆ చోటు ఖాళీగా వదిలి, విడిగా స్క్రీన్ ప్రింట్ చేయించడమో బ్రష్‌తో వేయడమో తప్ప దారి లేదు.

ప్రశ్న: బ్యాక్‌గ్లాస్ వెనక రంగు పెచ్చులుగా లేస్తోంది. తుడిచి శుభ్రం చేసి స్కాన్ చేద్దామా?

జవాబు: ఆగండి! తుడవకండి. గుడ్డ తగిలితే చాలు, పెచ్చులు గుడ్డతోపాటు వచ్చేస్తాయి. బొమ్మ అద్దం వెనకవైపు ముద్రించి ఉంటుంది, ఏళ్ల తరబడి బల్బుల వేడి, పెట్టినచోట తేమ, అద్దం ఒకలా సాగితే రంగు ఇంకోలా సాగడం, వీటివల్ల పట్టు వదిలేస్తుంది. ముందు వైపు మాత్రం, అద్దాన్ని, మెత్తటి గుడ్డతో తుడుచుకోవచ్చు.

స్కాన్ కూడా ముందు వైపునుంచే. అద్దం ముఖం స్కానర్ మీద ఉండాలి, రంగు వైపు గాలికి ఉండాలి, దాన్ని ఏదీ నొక్కకూడదు. సుమారు మూడు మిల్లీమీటర్ల మందం అద్దం మధ్యలో ఉంటుంది కాబట్టి ఇక్కడ సీఐఎస్ స్కానర్ మాటే ఎత్తొద్దు. రంగు రాలిపోయిన చోట్ల వెనక ఏమీ లేక నల్లగా పడుతుంది, ఆ వైపు తాకకుండా కొంచెం ఎత్తులో తెల్ల అట్ట పట్టుకోగలిగితే బొమ్మ తేటగా వస్తుంది. అద్దం సహజంగా కాస్త ఆకుపచ్చ ఛాయ వేస్తుంది, తర్వాత దాన్ని తీసేయాలి.

ఇదొక్కటే చాలదు. చీకటి గదిలో వెనక లైటు వేసి కెమెరాతో ఇంకో ఫొటో తీయండి. ఎక్కడ వెలుగు రావాలి, ఎక్కడ రాకూడదు అన్నది ఆ ఫొటోలోనే తెలుస్తుంది. ఎందుకంటే బ్యాక్‌గ్లాస్ ప్లేఫీల్డ్‌కి తిరగేసిన క్రమం: అద్దానికి ఆనుకుని ముందు నల్ల గీతలు, తర్వాత రంగులు, వాటి వెనక వెలుగును పలచగా వదిలే తెలుపు, అన్నిటి వెనకా వెలుగు అవసరం లేని చోట్ల దాన్ని పూర్తిగా అడ్డుకునే ముదురు పొర. ఆ చివరి పొర నేనొకసారి ఫైల్‌లో పెట్టలేదు. పగలు చూస్తే బ్రహ్మాండం. రాత్రి స్విచ్ వేసేసరికి హీరోయిన్ బుగ్గ మీద గుండ్రంగా బల్బు, నుదుటి మీద ఇంకోటి, మెడ దగ్గర వైరు నీడ.

కాబట్టి ఫైల్‌లో మూడు విడి భాగాలు ఉండాలి: రంగులు, తెలుపు, అడ్డుపొర. గాజు మీద నేరుగా వేసే యూవీ ప్రింటర్లు (అతినీలలోహిత వెలుగుతో సిరాను గట్టిపరిచేవి) ఈ తెల్ల సిరా కూడా వేస్తాయి, బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి ఇవ్వాలి. వెనకనుంచి వెలుగు పడితే రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి, అందుకే చాలామంది రంగుల్ని రెండుసార్లు వేయిస్తారు. స్కోరు కనిపించే కిటికీలు ఖాళీగా వదలడం మర్చిపోకండి. నవ్వకండి, మర్చిపోయినవాళ్లు ఉన్నారు.

పాత అద్దాన్ని మాత్రం పారేయొద్దు. ఎండ, వేడి తగలకుండా నిలబెట్టి దాచండి. మెషీన్‌లో ఉంచాలనుకుంటే 44 నంబరు బల్బులు తీసి 47వి పెట్టండి, ఒకటి 250 మిల్లీయాంపులు తాగితే రెండోది 150 మాత్రమే, వేడి ఆ మేరకు తగ్గుతుంది. ఎల్‌ఈడీలు ఇంకా చల్లన, కానీ చల్లటి తెలుపు ఎల్‌ఈడీ పెడితే పాత ఎరుపులు, పసుపులు చచ్చిపోతాయి, వెచ్చటి తెలుపు తీసుకోండి.

ప్రశ్న: ఒక చోట బొమ్మ పూర్తిగా పోయింది, అసలేముండేదో తెలియదు. ఏం గీయాలి?

జవాబు: మీ బల్లలోనే వెతకండి ముందు. చాలా ప్లేఫీల్డులు ఎడమ కుడి దాదాపు ఒకేలా ఉంటాయి, ఎడమ స్లింగ్‌షాట్ (ఫ్లిప్పర్ల పైన బంతిని తన్నే ముక్కోణపు భాగం) దగ్గర పోయింది కుడివైపు మిగిలి ఉండొచ్చు. దాదాపు అన్నాను, గుడ్డిగా తిప్పి అతికించకండి, మిగిలిన రెండు మూడు గీతలతో సరిపోల్చుకోండి. తర్వాత అదే మోడల్ ఉన్నవాళ్లని అడగండి, వాళ్ల మెషీన్ ఇంకోచోట అరిగి ఉంటుంది, మీరు వాళ్లకి, వాళ్లు మీకు. స్కేలు పెట్టి తీసిన స్కాన్ అడగండి, వట్టి ఫొటో అయితే వంపు సరిచేసుకోవడానికి చావాలి. ఏదీ దొరకకపోతే అక్కడున్న నేపథ్యపు రంగు ఒకటే నింపి వదిలేయండి. సొంత పువ్వులు పెట్టకండి.

ఇంకో మాట, మెషీన్ బాగానే ఉన్నవాళ్లకి: ప్లాస్టిక్కులు విరగకముందే ఈ వారమే స్కాన్ చేసి పెట్టుకోండి. చిన్నవి, చదునైనవి, ఏ స్కానరైనా సరిపోతుంది.

ప్రశ్న: ప్రింట్ చేసిన షీటు మొత్తం బల్ల మీద అంటించేయనా, ముక్కలుగా వేయనా?

జవాబు: సగం కంటే ఎక్కువ పోయి ఉంటేనే మొత్తం షీటు. షీటు వేస్తే ఇన్సర్టుల మీద పారదర్శకంగా వదలాలి, కింద తెల్ల సిరా వేయాలి (లేకపోతే చెక్క గోధుమరంగు పైకి కనిపిస్తుంది), రంధ్రాల అంచులు లేవకుండా చూసుకోవాలి. బంతి 80 గ్రాముల ఉక్కు, లేచిన అంచు దొరికితే దాన్ని విడిచిపెట్టదు. ముందు ఇన్సర్టులన్నీ సమంగా కూర్చోబెట్టండి, గుంట పడ్డ ఇన్సర్టు మీద షీటు డప్పులా బిగిసి తర్వాత అక్కడే నలుగుతుంది. ఇన్సర్టుల మీద అక్షరాలు మాత్రమే పోతే నీటితో జారవిడిచే డెకాల్ (పల్చటి అంటింపు బొమ్మ) చాలు, ఇంక్‌జెట్‌ది అయితే నీళ్లలో వేసేముందు పైన క్లియర్ కొట్టాలి, లేదంటే సిరా కరుగుతుంది.

అన్నిటి మీదా కార్లకు వేసే రెండు భాగాల క్లియర్ కోటు వేస్తారు. అందులో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు చేటు చేసే రసాయనాలు ఉంటాయి, గుడ్డ మాస్కు ఏమాత్రం ఆపదు. సరైన ఏర్పాట్లు లేకపోతే కార్ల పెయింటర్‌కి ఇచ్చేయండి, ఇచ్చేముందు మీ ప్రింట్ ముక్క ఒకటి వేరే చెక్క మీద అంటించి దాని మీద కొట్టించి చూడండి. కొన్ని సిరాలు ఆ ద్రావకానికి ముడతలు పడతాయి.

ప్రశ్న: ఇంత కష్టపడి గీసిన ఫైల్ అమ్ముకోవచ్చా?

జవాబు: మీ మెషీన్ కోసం గీసుకోవడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. గీసింది మీరైనా బొమ్మ మీది కాదు. అమెరికా చట్టం ప్రకారం 1976లో కాపీరైట్ గుర్తుతో విడుదలైన బొమ్మకు 95 ఏళ్ల రక్షణ, అంటే 2071 చివరిదాకా. పేరు, లోగోల మీద ట్రేడ్‌మార్క్ వేరే. బొమ్మలో సినిమా తారో గాయకుడో ఉంటే వాళ్ల హక్కులు ఇంకా వేరే. విడిభాగాలు తయారుచేసి అమ్మేవాళ్లు హక్కుదారుల దగ్గర లైసెన్సు తీసుకుని చేస్తారు, మీరూ వాళ్లని అడగండి. మీరు గీస్తున్న బొమ్మ ఇప్పటికే లైసెన్సుతో దొరుకుతుందేమో కూడా మొదట్లోనే చూసుకోండి, ఆర్నెల్లు ట్రేస్ చేశాక చూసుకుంటే ఏడుపొస్తుంది.

ప్రశ్న: క్యాబినెట్ పక్కల మీద బొమ్మలు కూడా ఇలాగే ప్రింట్ తీయొచ్చా?

జవాబు: 60లు, 70లలో చాలా క్యాబినెట్లు ప్రింట్ కాదు, స్టెన్సిల్ పెట్టి స్ప్రే కొట్టినవి. వాటికి స్టిక్కర్ అంటిస్తే అంచులు మరీ కత్తిలా వచ్చి కొత్త ఫ్రిజ్‌లా కనిపిస్తుంది. బొమ్మను ట్రేస్ చేసి, వినైల్ కట్టర్‌తో స్టెన్సిల్ కోయించి, రంగుకొకటి చొప్పున పెట్టి మీరే స్ప్రే చేయండి. అసలు దాని మీద అంచుల దగ్గర రంగు కొంచెం కిందికి ఊది ఉంటుంది, స్టెన్సిల్‌ని మరీ అంటించేయకుండా అక్కడక్కడ వదులుగా ఉంచితే అదీ వస్తుంది.